గవర్రాజు మెడ

మా గవర్రాజు బావకి ఎవరు ఏదిచ్చినా ముందు వెనక్కి తిరిగి చూస్తాడు. ఎడం భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి. ఆ తరవాతే చెయ్యి చాపుతాడు. కాఫీ గ్లాసైనా అంతే, జీతం చీటీ అయినా అంతే, గుళ్ళో తీర్థమైనా అంతే. పూజారి గారు ఉద్ధరిణె పట్టుకుని నిలబడితే ఈయన వెనకున్న భక్తుల్ని పరిశీలిస్తాడు. మొత్తం రెండు సెకన్ల పని. కాని ఆ రెండు సెకన్లలో ఇచ్చేవాడికి కంగారు పుడుతుంది. వాడు కూడా మెడ సాచి అటు చూస్తాడు. అక్కడ ఏమీ ఉండదు.

కొత్తవాళ్ళు రకరకాలుగా అనుకునేవారు. పోలీసులు వెతుకుతున్నారని కొందరు, పెళ్ళానికి భయమని కొందరు. రెండోది పూర్తిగా అబద్ధం కాదు గాని, దానికీ దీనికీ సంబంధం లేదు. అసలు కారణం ఫుట్‌బాల్.

గవర్రాజు అటాకింగ్ మిడ్‌ఫీల్డర్. అంటే ఫార్వర్డ్‌కి వెనక, మిగతా జట్టుకి ముందు నిలబడి, బంతి అందుకుని, గోల్ కొట్టగలిగినవాడికి అందించే మనిషి. ఆ స్థానంలో ఆడేవాడు బంతి కాలి దగ్గరకి వచ్చాక చుట్టూ చూస్తే పని చెడుతుంది. రాకముందే చూసుకోవాలి, ఎవడు మీదికొస్తున్నాడో, ఎవడు ఖాళీగా ఉన్నాడో. బళ్ళో డ్రిల్లు మాస్టారు నేర్పారట. అందరూ ఆ అలవాటుని మైదానంలో వదిలేసి ఇంటికి పోతారు. గవర్రాజు ఇంటికి తెచ్చుకున్నాడు.

నా పేరు మోహనకృష్ణ. పోర్టులో ఓడల నుంచి సరుకు దింపే ఒక ప్రైవేటు కంపెనీలో గుమస్తాని. ఓడ వచ్చి ఆగే చోటుని బెర్త్ అంటారు, మా బెర్త్ సెక్షన్ జట్టుకి ఫార్వర్డ్‌ని కూడా. ఫార్వర్డ్ అంటే గోల్ ముందు రేషన్ క్యూలో నిలబడ్డట్టు కదలకుండా నిలబడి, బంతి వస్తే తన్ని, రాకపోతే తిట్టేవాడు. గవర్రాజు వాళ్ళ నాన్న గోదావరి జిల్లా నుంచీ, మా నాన్న కృష్ణా నుంచీ ఉద్యోగాల కోసం ఈ ఊరొచ్చారు. మేమిద్దరం ఇక్కడే పుట్టి, ఈ ఊరి అలవాటు ప్రకారం బావా అంటే బావా అనుకుంటూ పెరిగాం.

గవర్రాజు పెళ్ళికి నేను పక్కనే ఉన్నాను. పురోహితుడు మంగళసూత్రం చేతికివ్వబోయాడు. గవర్రాజు ఎడం పక్కకి చూశాడు, కుడి పక్కకి చూశాడు. పెళ్ళికూతురి తండ్రి తగరపువలసలో ఎరువుల కొట్టు నడిపిన మనిషి, లోకం చూసినవాడు. పెళ్ళికొడుకు పారిపోవడానికి దారి వెతుకుతున్నాడనుకుని కళ్యాణమంటపం గేటు దగ్గర ఇద్దరు బావమరుదుల్ని కాపలా పెట్టాడు. తల వంచుకుని కూచున్న పెళ్ళికూతురు వెంకటరమణమ్మ మొగుడితో మొట్టమొదటి మాట మాట్లాడింది.

"ఇంకా ఎవరైనా రావాలాండీ?"

"లేదు. ఎవులైనా మీదికొత్తన్నారేమో అని."

వాళ్ళ కాపురం అక్కడ మొదలైంది. పదిహేనేళ్ళుగా ఆవిడ అన్నం పళ్ళెం చాపి, రెండంకెలు లెక్కపెట్టి, అప్పుడు వదుల్తుంది.

ఈయనతో కలిసి టిఫినుకి వెళ్ళడం కన్నా ఉపవాసం మేలు. ఒకసారి మద్దిలపాలెం జంక్షన్లో పెసరట్టు ఉప్మా చెప్పాం. రద్దీగా ఉంది, నిలబడి తినే హోటలు. ఈయన పెసరట్టు వచ్చింది. వెనక్కి చూశాడు. బస్సు డిపో నుంచి వచ్చిన డ్రైవరెవరో టోకెన్ పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. పళ్ళెం అటు వెళ్ళిపోయింది. రెండో పెసరట్టు వచ్చింది. వెనక్కి చూశాడు. అది చంకలో పసిపిల్లతో ఉన్న ఆవిడకి వెళ్ళింది. మూడోది వచ్చేసరికి ఉప్మా అయిపోయింది. నేను రెండు తిని చెయ్యి కడుక్కుని వచ్చాను. ఈయన ఉత్త అట్టు తింటున్నాడు, అది కూడా చల్లారింది. అందరికీ వడ్డించే ఉద్యోగం నీకెవరిచ్చారని అడిగితే, పాస్ చెయ్యకపోతే ఆట ఆగిపోతుంది బావా అన్నాడు.

ఇక మా చలమయ్య గారి గురించి చెప్పాలి. కంపెనీ సంక్షేమాధికారి. క్రీడలు ఆయన శాఖే, ఎందుకంటే ఆయన కాలేజీలో క్యారమ్స్‌లో రెండో బహుమతి తెచ్చుకున్నారు. ఆయన ఒక సర్క్యులర్ తయారు చేశారు. పేరు 'ఉత్తమ అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ లక్షణాలు.' మొత్తం పద్నాలుగు. దూరదృష్టి, నాయకత్వం, సమయపాలన, మంచి బూట్లు, అదుపులో ఉన్న రక్తపోటు, యాజమాన్యం పట్ల గౌరవం, అలా. టైపు చేసింది నేనే. పన్నెండో లక్షణమూ నాలుగో లక్షణమూ ఒకటేనని చెబితే, ముఖ్యమైనవి రెండుసార్లు చెప్పాలయ్యా అన్నారు. చివర్లో ఆటగాళ్ళు తమ అభిప్రాయం రాయడానికి అరపేజీ ఖాళీ ఉంచాం.

మా వాళ్ళు నిండా రాశారు. దమ్ము కావాలని ఒకరు, కాలిలో పదును కావాలని ఒకరు. గవర్రాజు కాయితంలో ఒకే మాట ఉంది. 'మెడ.'

చలమయ్య గారు దాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. మెడకీ ఫుట్‌బాల్‌కీ ఏమిటయ్యా అని అడిగారు. కాళ్ళు అందరికీ ఉంటాయండి, చూడ్డానికి తిరిగేది మెడే కదండీ అన్నాడు గవర్రాజు. ఆయన ఆ కాయితం మీద ఎర్ర సిరాతో 'అసంపూర్ణం' అని రాశారు.

ఉద్యోగంలోనూ ఆ మెడే. గవర్రాజు సిగ్నల్‌మన్. పైన క్రేన్ క్యాబిన్లో కూచున్నవాడికి ఓడ పొట్టలో ఏముందో కనిపించదు. కింద నిలబడి చేతులతో సైగ చేసేవాడే వాడికి కళ్ళు. గవర్రాజు చెయ్యి ఎత్తేముందు వెనక్కి తిరిగి, హుక్కు కింద ఎవరైనా నడుస్తున్నారా అని రెండు పక్కలా చూస్తాడు. పదిహేడేళ్ళుగా చూస్తున్నాడు, పదిహేడేళ్ళుగా కాంట్రాక్టు కార్మికుడే. మా కంపెనీలో నలభై రెండు నిండితే కాంట్రాక్టు కూడా ఉండదు. ఆ సంవత్సరం జులై ఒకటికి గవర్రాజుకి నలభై రెండు.

ఏప్రిల్లో చలమయ్య గారు కొత్త ప్రకటన అంటించారు. మే నెల సెక్షన్ల టోర్నమెంటు ఫైనల్లో గెలుపు గోల్ ఏ కాంట్రాక్టు కార్మికుడు కొడితే అతన్ని క్రీడా కోటాలో పర్మనెంట్ చేస్తారు. పర్మనెంట్ ఉద్యోగి కొడితే ఆ పోస్టు రద్దు. పదిహేడేళ్ళ సర్వీసుకి లేని విలువ ఒక్క తన్నుకి ఇచ్చిన ఘనత మా కంపెనీదే. ఈ నిబంధన ఏ పుస్తకంలో ఉందని అడిగాను. చలమయ్య గారు తన తల వైపు చూపించారు.

నేను గవర్రాజుని పట్టుకున్నాను. జీవితంలో ఒక్కసారి వెనక్కి చూడకుండా తన్నమన్నాను. సరేనన్నాడు. ప్రాక్టీసులో పదిసార్లు గోల్ ముందుకి బంతి ఇచ్చాను. పదిసార్లూ రెండు భుజాల మీదుగా చూసి ఎడం అంచున ఉన్న నాగబాబుకి ఇచ్చేశాడు.

ఈ నాగబాబు పెదజాలరిపేట మనిషి. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ మా దగ్గర కాంట్రాక్టు పనికి వస్తాడు, మిగతా పది నెలలూ సముద్రమ్మీద ఉంటాడు. నోట్లోంచి మాట రాదు. జట్టులో వాడికి బంతి ఇచ్చేది గవర్రాజు ఒక్కడే. మిగతావాళ్ళం వాడు ఉన్నట్టే గమనించం.

వెంకటరమణమ్మ ఈ సమస్యని నాకన్నా సూటిగా ఆలోచించింది. "అన్నయ్యా, ఆ మెడ తిరక్కపోతే ఆయన ఏం చేస్తారు?" అని అడిగింది. ఎదురుగా చూస్తాడు చెల్లెమ్మా అన్నాను. ఎదురుగా గోల్ ఉంటుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ముందు ఎముకల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం. ఆయన అన్ని రకాలుగా తిప్పి చూసి, ఇలాంటి మెడ ఇరవై ఏళ్ళవాడికి కూడా ఉండదన్నారు. చీటీ రాసి ఇవ్వబోతే గవర్రాజు వెనక్కి చూశాడు. డాక్టరు గారు లేచి వెళ్ళి తలుపు గడియ వేసుకొచ్చారు. జబ్బు లేదని తేలింది కాబట్టి మందుల షాపులో మేమే ఒక మెడపట్టీ కొన్నాం, మెత్తటి రకం కాదు, గడ్డం కింద నుంచి గట్టిగా పట్టే రకం. ఫైనల్ రోజు పొద్దున్న నిద్ర లేవగానే మెడ పట్టేసిందని వెంకటరమణమ్మ ఆయనకే చెప్పి తొడిగేసింది. పెళ్ళాం పట్టేసిందంటే పట్టేసినట్టే కదా అనుకుని ఊరుకున్నాడు.

మెడపట్టీతో ఆడొచ్చా అని రిఫరీ చలమయ్య గారిని అడిగాడు. ఆయన పద్నాలుగు లక్షణాలూ చదివి, పట్టీ ఉండకూడదని ఎక్కడా లేదన్నారు.

ఫైనల్ మాకూ, దింపిన సరుకు నిలవ పెట్టే యార్డ్ సెక్షన్‌కీ. ఎర్రమట్టి మైదానం, నాలుగ్గంటల ఎండ. అలాంటి ఆట నేను చూడలేదు, దేవుడి దయవల్ల మళ్ళీ చూడను. నేను తప్ప అందరూ కాంట్రాక్టు వాళ్ళే. అందరికీ గెలుపు గోల్ కావాలి. పాస్ చేసినవాడు పిచ్చివాడు. వెనక కాపలా ఉండే మా బ్యాక్ మా గోల్ దగ్గర నుంచే తన్నాడు. యార్డ్ వాళ్ళు త్రో కూడా గోల్ వైపే విసిరారు. పర్మనెంట్ ఉద్యోగిననే పాపానికి నాకు ఒక్కడూ బంతి ఇవ్వలేదు. నేను కొడితే పోస్టు పోతుందని సొంత జట్టువాళ్ళే నాకు అడ్డం నిలబడ్డారు. డెబ్భై నిమిషాల ఆటలో రెండు జట్లూ కలిసి వంద తన్నులు తన్నుంటారు. ఎక్కువ భాగం పక్కనున్న గోడౌన్ రేకులకి తగిలాయి. గోల్స్ సున్నా.

చివరి నిమిషంలో యార్డ్ సెక్షన్‌కి మా గోల్ పక్క మూల నుంచి తన్నే కార్నర్ వచ్చింది. వాళ్ళ గోల్‌కీపర్ అప్పలరాజు కూడా కాంట్రాక్టే. అతనికీ ఆశ ఉంటుంది. గోల్ వదిలేసి మైదానం ఈ చివరకి పరుగెత్తుకొచ్చాడు. పదకొండు మందీ మా గోల్ ముందు చేరారు. ఎవడిదో బుర్రకి తగిలి బంతి బయటకి పడి, నడిమధ్యలో మెడపట్టీతో నిలబడ్డ గవర్రాజు కాళ్ళ దగ్గరకి దొర్లింది. ఆయనకీ ఆ ఖాళీ గోల్‌కీ మధ్య మనిషి లేడు.

గవర్రాజు బంతి తీసుకుని పరుగెత్తాడు. మైదానం మొత్తం లేచింది. మా వాళ్ళు, క్రేన్ ఆపరేటర్లు, క్యాంటీన్ వాళ్ళు, నేను, అందరిదీ ఒకటే అరుపు. గవర్రాజూ, కొట్టీ. వెంకటరమణమ్మ కుర్చీ ఎక్కి అరుస్తోంది. పెళ్ళయ్యాక ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

గోల్‌కి నాలుగడుగుల దూరంలో గవర్రాజు ఆగిపోయాడు.

వెనక్కి చూడబోయాడు. మెడ తిరగలేదు. మేం హమ్మయ్య అనుకున్నాం. అప్పుడాయన కాళ్ళు కదలకుండా నడుము దగ్గర నుంచి మొత్తం మనిషిగా, తను రోజూ నడిపించే క్రేన్ తిరిగినట్టు, నిదానంగా ఎడం పక్కకి తిరిగాడు. మళ్ళీ నిదానంగా కుడి పక్కకి తిరిగాడు. ఇంత సేపట్లో యార్డ్ వాళ్ళు సగం దూరం వెనక్కి వచ్చేశారు. తరవాత బంతిని మడమతో వెనక్కి నెట్టాడు. అక్కడ, ఎప్పట్లాగే ఎవరూ పిలవకుండా, ఎవరూ చూడకుండా ఎడం అంచు నుంచి పరుగెత్తుకొచ్చిన నాగబాబు ఉన్నాడు. వాడికది నమ్మకం కుదరక ముందు బంతిని చూశాడు, తరవాత గవర్రాజుని చూశాడు, ఆ తరవాత తన్నాడు. ఖాళీ గోల్లోకి వెళ్ళింది. రిఫరీ ఈల వేశాడు. ఆట అయిపోయింది.

మేం కప్పు గెలిచాం, పర్మనెంట్ పోస్టు నాగబాబుకి వెళ్ళింది. మా జట్టులో ఒక్కడూ నవ్వలేదు. చలమయ్య గారు గవర్రాజు పేరు ఎదురుగా 'ఆట తెలియదు, ఆరోగ్యం అంతంతమాత్రం' అని రాసి పెన్నుకి మూత పెట్టారు.

సాయంత్రం గాజువాకలో వాళ్ళ అద్దింటికి వెళ్ళాను, తిట్టడానికే వెళ్ళాను. వెంకటరమణమ్మ వంటింట్లో గిన్నెలు కావలసినదానికన్నా గట్టిగా పెడుతోంది. గవర్రాజు మంచమ్మీద పట్టీతో సహా నిటారుగా కూచున్నాడు.

"గోల్ ఖాళీగా ఉంది కదా బావా."

"ఉంది."

"నీ మీదికి ఎవడూ రావటం లేదు కదా."

"రాట్లేదు."

"జులై నుంచి నీకు పని లేదని తెలుసు కదా."

"తెల్సు."

"మరి ఏం చూడ్డానికి తిరిగావు?"

గవర్రాజు నిజంగా గుర్తు చేసుకుంటున్నట్టే ఆలోచించాడు.

"ఎడం పక్క సూత్తే ముసలమ్మ కనబడింది బావా, నాగబాబు వాళ్ళమ్మ. మూల్న ఎండలో నిలబడి, కళ్ళకి సెయ్యి అడ్డం ఎట్టుకుని కొడుకుని సూత్తంది. నానెప్పుడు పొద్దున్న బీచికెల్లినా అలగే నిలబడుద్ది, ఆడి పడవ కనబడేదాకా. పోయినేడు తుఫానుకి మూడ్రోజులు ఇంటికెల్లలేదంట."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"కుడి పక్కో?" అన్నాను.

"కుడి పక్క మీరున్నారు. గవర్రాజూ కొట్టీ, గవర్రాజూ కొట్టీ అని అంతమందీ అరుత్తన్నారు. నాగబాబు పేరు ఒక్కరనలేదు. ఆలమ్మకి ఎప్పుడు అరవాలో కూడా తెల్దు. ఇంతమంది ఉన్నోడికి ఏటవుద్ది బావా? అందుకని ఆడికిచ్చీసాను."

ఇరవై ఏళ్ళుగా ఆడుతున్నాను. మైదానంలో ఖాళీగా ఉన్నవాడంటే ఎవరూ పట్టించుకోనివాడని నాకెప్పుడూ తోచలేదు. పెసరట్టు కోసం నిలబడ్డ డ్రైవరు మొహం నాకు గుర్తు కూడా లేదు, నేనప్పుడు తింటున్నాను. నాకు సిగ్గేసింది. ఈ పిచ్చిమనిషి మీద ఎప్పుడూ లేనంత ఇష్టం కూడా కలిగింది. వెంకటరమణమ్మ వచ్చి, చెమటకి పొక్కుతోంది తీసెయ్యండి అంటూ పట్టీ విప్పి అవతల పడేసింది.

జులై ఒకటిన గవర్రాజుకి కాంట్రాక్టు అయిపోయింది. ఇంతమంది ఉన్నోడికి ఏమవుతుందని ఆయనన్నాడు కదా. ఇంతమందిమీ కలిసి ఒక శాలువా కప్పాం. చలమయ్య గారు ప్రసంగించారు. నేను టైపు చేసిన ప్రసంగమే. అంతకుమించి ఏం చెయ్యాలో మాకు తెలీలేదు.

మర్నాడు ఓడ వచ్చింది. గవర్రాజు స్థానంలో కొత్త సిగ్నల్‌మన్ నిలబడ్డాడు. సర్టిఫికెట్లున్న మనిషే, కాని చూపు హుక్కు మీదే ఉంది, వెనక ఎవరున్నారో చూడడు. మా అందరిలోకీ పాతకాపు క్రేన్ ఆపరేటరు సూరన్న పైనుంచి పావుగంట గమనించి, ఇంజన్ ఆపి, మెట్లు దిగి కిందికొచ్చాడు.

"హుక్కు కింద మనుసులున్నారో లేదో సూసేవోడు లేకపోతే నాను దింపను," అన్నాడు. అని క్యాంటీన్‌కి వెళ్ళి టీ చెప్పాడు. పక్క క్రేన్‌వాళ్ళు అయిదుగురు అది చూసి దిగొచ్చేశారు. సమ్మె కాదు, నినాదాల్లేవు. ఆరుగురూ టీ తాగుతున్నారంతే. ఆ వెనకే నాగబాబు, కొత్త పర్మనెంట్ యూనిఫారంలో, తొలి నెల జీతమైనా చూడకుండా వచ్చి వాళ్ళ పక్కన కూచున్నాడు. టీ కూడా చెప్పలేదు. తరవాత మా జట్టు. తరవాత నేను. గుమస్తాని, ఎప్పుడూ ఎక్కడా ఇలా పని ఆపి కూచున్నవాణ్ణి కాదు.

పన్నెండింటికి చలమయ్య గారు నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఒంటిగంటకి ఓడ తాలూకు ఏజెంటు ఫోన్ చేశాడు. రెండింటికి ఇంకా పెద్దవాళ్ళెవరో ఫోన్ చేశారు. మూడింటికి చలమయ్య గారికి నిబంధనల్లో ఒక నిబంధన దొరికింది. అత్యవసర నైపుణ్యం ఉన్నవారికి వయసు సడలించి పర్మనెంట్ చెయ్యవచ్చునట. అది ఏ పుస్తకంలో ఉందని ఈసారి నేను అడగలేదు. నైపుణ్యం దగ్గర ఏం రాయాలయ్యా అని ఆయన అడిగితే 'వెనుకకు చూచుట' అని టైపు చేసి ఇచ్చాను. భాష బాగుందని సంతకం పెట్టారు.

గవర్రాజుని ఇంటి దగ్గర నుంచి తీసుకొచ్చాం. వచ్చీరాగానే మా మీద కోప్పడ్డాడు. ఓడ ఆరు గంటలు ఊరికే ఆగిపోయింది కదా, మీకు బుద్ధుందా అన్నాడు. కోపంలోనే వెళ్ళి బెర్త్ మీద నిలబడ్డాడు. సూరన్న పైకెక్కాడు.

ఆదివారం వెంకటరమణమ్మ డబ్బా నిండా మడత కాజాలు చేసి క్యాంటీన్‌కి తెచ్చింది. ముసలమ్మ కూడా వచ్చింది, ఎండుచేపల పొట్లం చంకన పెట్టుకుని. కొడుకు ఏదో కొట్టాడంట, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా బాబూ అని నన్ను అడిగింది. తగల్లేదమ్మా అని చెప్పాను. చలమయ్య గారు రెండు కాజాలు తిని, మూడోది అందుకుంటూ వెంకటరమణమ్మకి హితవు చెప్పారు. "మీ ఆయన ఆ రోజు బుద్ధిగా ఆ గోలేదో తనే కొట్టుంటే మనందరికీ ఇంత శ్రమ ఉండేది కాదు కదమ్మా," అన్నారు.

"ఆయనకి గోల్ కొట్టడం రాదండి," అంది వెంకటరమణమ్మ, డబ్బా ఆయన ముందుకి జరుపుతూ. "కొట్టేవాళ్ళని పోగెయ్యడం వచ్చు. ఇంకోటి తీసుకోండి."